ఒరుగుల పొడి

ఫరంపేటలో జోసెఫిన్ పెట్టే రొయ్యల పచ్చడి ఏడాదైనా బూజు పట్టేది కాదు. వేయించిన రొయ్యల్ని గుడ్డలో మూటగట్టి, పైన బరువు పెట్టి తడంతా పిండేయాలని ఆవిడ షెడ్డులో పనిచేసే సెబాస్టియన్‌కి తెలుసు. నిమ్మరసం బదులు ఆవిడ కలిపే పొడేమిటో మాత్రం తెలియదు. దాన్ని ఇంట్లో తలుపులేసుకుని దంచి తెచ్చుకునేది.

సెబాస్టియన్ పరాయివాడేం కాదు. వాడి జ్ఞానస్నానం నాడు చర్చిలో జ్ఞానతల్లిగా ఆవిడ చేతుల మీద ఎత్తుకున్న పిల్లాడే. పదేళ్ళు పని నేర్పింది. ఈ పద్ధతి బయట వాడనని వాడు కాగితం మీద సంతకం కూడా పెట్టాడు. అయినా మెట్టకూరులో షెడ్డు వేసి, అలాగే రొయ్యలు పిండి, ఆవిడ ఖాతాదార్లకే సీసాలు పంపాడు. ఆ పచ్చడి రెండో నెలకే బూజు పట్టేది. నవ్వుకుని ఊరుకుంటే సరిపోయేది. కడుపు మండిన మనిషి ఊరుకుంటుందా? కోర్టుకెక్కింది.

విచారణ మొదలవకముందే కేసు కొట్టెయ్యమని వాడి వకీలు పిటిషన్ వేశాడు. రహస్యం అనడమే తప్ప అదేమిటో దావాలో ఎక్కడా లేదు, గోదావరి ఒడ్డున రొయ్యల పచ్చడి పెట్టనివాళ్ళెవరు, అన్నాడు. జోసెఫిన్ వకీలు భాస్కరరావు, కాస్తయినా విప్పి రాయకపోతే కేసు నిలవదన్నాడు. అసలు కిటుకు మాత్రం కవర్లో సీలు వేసి జడ్జిగారికే ఇద్దామన్నాడు. అది ఆవిడకి మింగుడు పడలేదు. ఫాదర్‌గారి ముందు మోకరించినప్పుడు ఒక్క పాపం దాచినా మిగతావి చెప్పీ లాభం లేదని చిన్నప్పటినుంచీ నమ్మిన మనిషి మరి.

"దేవుడి మీద ఒట్టేసి సగం సెప్పడవేంటండి? అంతా రాసెయ్యండి. జడ్జిగారికి సెప్పింది జడ్జిగారి దగ్గిరే ఉంటాది కదండి," అంది.

ఉండదని భాస్కరరావు ఒకసారి చెప్పాడు, వేరే వాయిదాకి పరిగెడుతూ గుమ్మంలో. రెండోసారి చెప్పే ఓపిక ఆ మహానుభావుడికి లేకపోయింది. మామిడి ఒరుగులు ఎన్నాళ్ళు ఎండాలో, కిలో రొయ్యలకి ఆ పొడి ఎంతో, అన్నీ దావాలో టైపయ్యాయి. రూలు ప్రకారం ఒక కాపీ సెబాస్టియన్ వకీలుకి వెళ్ళింది.

జడ్జిగారు సెబాస్టియన్ పిటిషన్ కొట్టేశారు. రహస్యమేమిటో స్పష్టంగా ఉంది, దాన్ని కాపాడుకున్న తీరూ ఉంది, విచారణ జరగాల్సిందే అన్నారు. గెలిచామమ్మా అన్నాడు భాస్కరరావు. ఆవిడ చర్చికెళ్ళి కొవ్వొత్తి వెలిగించింది.

మూడు నెలలకి, ఎందుకో అనుమానం వచ్చి, దుకాణంలో పాతబడిన మెట్టకూరు సీసా ఒకటి కొని మూత తీసింది. బూజు లేదు. వేలితో తీసి నాలిక మీద వేసుకుంది. మామిడి పులుపు, అవే పాళ్ళు. కన్నకూతురికి కూడా చెప్పని సంగతి తన సంతకంతోనే వాడికి అప్పజెప్పింది. ఫోన్ చేస్తే, ఇదీ కేసులో కలుపుదామన్నాడు భాస్కరరావు. వాయిదా ఇంకా నాలుగు నెలలుంది.

ఆ శనివారం పాపసంకీర్తనకి ఫాదర్‌గారి ముందు మోకరించి, ఆడిన అబద్ధాలూ, ఆదివారం పూజ తప్పడమూ అన్నీ చెప్పుకుంది. చేతుల మీద ఎత్తుకున్నవాడు చచ్చిపోతే బాగుణ్ణని రోజూ కోరుకుంటున్న సంగతి మాత్రం, బతుకులో మొదటిసారి, దాచుకుంది.