నూర్పు రోజున పోయిన కన్ను

మాది రాజాం దగ్గర పల్లె. మూడేళ్ల క్రితం మా కళ్లంలో వరి నూర్పు జరుగుతోంది. మిషన్‌కి పనలు అందిస్తుంటే ఒక వడ్లగింజ ఎగిరొచ్చి నా ఎడమ కంట్లో తగిలింది. మంటతో అక్కడే కూలబడిపోయాను.

"ఆస్పత్రికి తీసుకెల్లు బావా" అని మా ఆయన్ని బతిమాలాను.

"నలుసు పడితే ఇంత గోలేటే? నూర్పు అయిపోనీ, ఎల్దాం" అన్నాడు.

మా అత్త నా తల వెనక్కి వంచి, "కదలకే, ఆవుదం ఏస్తే సల్లబడతాది" అంటూ కంట్లో పోసింది.

ఆ సాయంత్రమే మిషన్ బెల్టు తెగింది. మా ఆయన అప్పటికప్పుడు బండి మీద రాజాం వెళ్లి కొత్త బెల్టు తెచ్చాడు. అదే బండి మీద నన్నూ తీసుకెళ్లొచ్చని ఆయనకు తోచలేదు. నేను కంటికి తడిగుడ్డ అదుముకుని అందరికీ అన్నం వండాను.

నూర్పంతా అయ్యాక, నాలుగో రోజున శ్రీకాకుళం వెళ్లేసరికి నల్లగుడ్డు మీద తెల్లగా పుండు లేచింది. "తగిలిన రోజే వచ్చుంటే చూపు దక్కేదమ్మా. ఆముదం ఎవరు పోశారు?" అంది డాక్టరమ్మ. మా ఆయన గోడవైపు చూశాడు. ఆ కంటికి మళ్లీ చూపు రాలేదు.

ఇప్పుడు మా ఊళ్లో ఎవరి కంటికి దెబ్బ తగిలినా నలపనివ్వను, ఏదీ పోయనివ్వను. మగాళ్ల కోసం ఆగకుండా నేనే ఆటో పిలుస్తాను.

కిందటి నూర్పుకి మా ఆయన ప్లాస్టిక్ కళ్లజోళ్లు తెచ్చి పనివాళ్లకి పంచాడు. నాకూ ఒకటిచ్చి, "పెట్టుకోయే, కళ్లు జాగ్రత్త" అన్నాడు.

"ఏ కళ్లు?" అని అడిగాను.

ఆయన వెళ్లి మిషన్ స్టార్ట్ చేశాడు.