స్కోరు పుస్తకంలో మామ ఎవరు

ఫిబ్రవరి 5, గురువారం, సాయంత్రం. స్థలం: మబేలాలో కెప్టెన్ రూమ్. హాజరైనవారు: మా క్రికెట్ జట్టు కెప్టెన్ (హైదరాబాదు, ఏసీ మెకానిక్), ప్లాస్టరింగ్ మేస్త్రీ (కడప), బహ్లా ఖర్జూర తోటలో పికప్ డ్రైవరు (కరీంనగర్ వైపు), స్కోరు రాసే నేను.

డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. రిటైరయ్యాక గల్ఫ్‌లో ఉంటున్న కూతురి దగ్గరికి వచ్చి, ఊరికే కూర్చోలేక శుక్రవారం మ్యాచ్‌లకు స్కోరు రాయడం మొదలుపెట్టాను. రెండు సీజన్లకే విసుగొచ్చింది. ఎండ, దుమ్ము, ఒక కంట్లో శుక్లం. అయినా మొదలుపెట్టిన పుస్తకాన్ని మధ్యలో వదిలేయడం నాకు చేతకాదు.

మర్నాడు సూర్‌లో టోర్నమెంటు. పదిమందిని కెప్టెన్ ఎంచుకున్నాడు. పదకొండో చోటు మేస్త్రీకా, డ్రైవరుకా అన్నదే తేలలేదు.

"మీ లెక్క ఎట్ల చెప్తే గట్ల సార్. నేను చెప్తే ఇద్దర్ల ఒకడు నాతోని మాట్లాడడు," అన్నాడు కెప్టెన్.

మేస్త్రీకి వచ్చే నెల ఎగ్జిట్. కంపెనీ పని ముగించుకుని ఇంటికి వెళ్లిపోతాడు, మళ్లీ రాడు. ఇన్నేళ్లలో ఒక్కసారీ సూర్ వెళ్లే జట్టులో లేడు.

నాది సిక్సర్ల లెక్క కాదు. ఆ మనిషి లేకపోతే జట్టుకు ఎన్ని పరుగులు నష్టమో చూసేవాణ్ణి. కొట్టినవి, ఆపినవి, వృథా చేసిన బంతులు, పట్టిన క్యాచ్‌లు. ఒక వికెట్ పడితే అవతలివాళ్లకు సగటున ఎన్ని పరుగులు తగ్గుతున్నాయో మా మ్యాచ్‌ల నుంచే తీసి, క్యాచ్‌కు అంత విలువ కట్టాను. బ్యాటింగ్‌లో ఇద్దరూ దాదాపు సమానం. క్యాచ్‌లలో మేస్త్రీ చాలా ముందున్నాడు. అదే చదివి వినిపించాను.

"నేనా సార్? అన్ని పట్టినానా?" అన్నాడు మేస్త్రీ.

"పట్టకేం చేస్తవ్! చేతులకు సిమెంటుంటది, బంతి అతుక్కుంటది," అని డ్రైవరు నవ్వాడు. నవ్వు ముఖం నిండా లేదు.

మేస్త్రీ ఫోన్ తీసుకుని గుమ్మంలోకి వెళ్లి భార్యకు చెప్పాడు. "నన్ను తీసుకున్యారు. రేపు సూర్‌కు పోతాండా."

కెప్టెన్ చాయ్ గ్లాసు ముందుకు పట్టాడు. "తీస్కో మామా."

డ్రైవరు అందుకున్నాడు.

మేస్త్రీ మేనల్లుడు మా జట్టులోనే ఆడతాడు. వాడు మామా అంటాడని కడప కుర్రాళ్లందరూ మామా అంటారు. నేనూ పుస్తకంలో మేస్త్రీని మామ అనే రాసుకున్నాను.

"నువ్వు డ్రైవర్ని కూడా మామ అనే అంటావా?" అని కెప్టెన్ని అడిగాను.

"దోస్తులను గట్లనే అంటం గద సార్."

కెప్టెనే మా కీపరు. బంతి గాలిలోకి లేస్తే "నీదే మామా!" అని అరుస్తాడు. ఎండకు కళ్లు చెదిరి పట్టిందెవరో కనిపించనప్పుడు, విన్నదాన్ని బట్టి మామ అని రాసుకున్నాను. ఎందుకు అడిగానో అక్కడ ఎవరికీ తట్టలేదు. చాయ్ తాగి లేచాను. డ్రైవరు బహ్లాకు బయలుదేరాడు.

ఇంట్లో పుస్తకం విప్పాను. ప్రతి క్యాచ్ పక్కన ఎక్కడ పట్టిందీ రాసే అలవాటు నాది. మేస్త్రీ నిలబడేది ఎప్పుడూ వికెట్ల దగ్గరే. మామ పట్టిన క్యాచ్‌లలో సగానికి పైగా బౌండరీ దగ్గరివి. ఆ చోటు డ్రైవరుది. సీజన్ చివర కూడుకుంటూ పోయానే తప్ప, రాసింది చదవలేదు. ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను. అలసట అని డైరీలో రాశాను. అది సగమే నిజం.

మర్నాడు పొద్దున్న వ్యాన్ చాయ్ కొట్టు ముందు ఆగి ఉంది. మేస్త్రీ ముందు సీట్లో కూర్చున్నాడు. అతనికీ కెప్టెన్‌కూ ఉన్నదున్నట్టు చెప్పాను.

"అరే సార్, ఇప్పుడా చెప్పేది!" అంటూ కెప్టెన్ డ్రైవరుకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"నిన్న చెప్తే ఆడనే ఉండిపోతుంటి గద," అంది ఫోన్‌లోని గొంతు. "తోట ముదీర్‌ను అడిగి లీవు తీస్కుంటుంటి. ఇప్పుడు డ్యూటీల ఉన్న. లోడు ఎక్కిస్తున్నరు."

మేస్త్రీ సంచి తీసుకుని దిగాడు.

"అన్ని నేను పట్టల్యాదని నాకు తెల్దా సార్? మీరేదో పెద్ద లెక్క కట్టినారనుకున్యా."

"ఎక్కు మామా. పదిమందితోని ఆడమంటవా?" అన్నాడు కెప్టెన్.

మేస్త్రీ అతనివైపు చూడలేదు. "మీరు చెప్పండి సార్. లెక్క ప్రకారం ఎక్కొచ్చునా?"

"లెక్క ప్రకారం కాదు. మనిషి తక్కువయ్యాడు కాబట్టి."

మేస్త్రీ ఎక్కాడు. ముందు సీటు వదిలేసి చివరి వరుసలో కూర్చున్నాడు. స్కోరు రాయడానికి నేనూ వెళ్లవలసింది. పుస్తకం కెప్టెన్ చేతికిచ్చి ఇంటికి నడిచాను.