గోడ మీద నాన్న గీత

కృష్ణా నది లంకల్లో వరద తీశాక, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద మేకుతో గీసి పెట్టేవాళ్లు. బసవపున్నయ్య ఇంట్లో అన్నిటికంటే పైగీత వాళ్ల నాన్న గీసింది. అది ఛాతీ ఎత్తున ఉండేది.

2009 అక్టోబరులో వరదొచ్చింది. జనాన్ని ఒడ్డుకు చేర్చే పడవ గుమ్మం దాకా వచ్చింది.

"ఎక్కుదామయ్యా," అంది భార్య శేషారత్నం.

ఆయన గీత చూపించాడు. "దీన్ని దాటి ఏనాడన్నా వచ్చినియ్యా? సామాన్లు అటకెక్కిద్దాం, చాలు."

పడవ వెళ్లిపోయింది. ఆవిడ మిరప విత్తనాలు, రేడియో, తన చీరలపెట్టె అందిస్తుంటే ఆయన పైన సర్దాడు. గీత నీళ్ల సంగతి చెబుతుంది గానీ గోడ సంగతి చెబుతుందా? రెండు రోజులు నానిన మట్టిగోడ, గీతతో సహా, ఆవిడ మీద కూలింది.

ఇప్పుడు కరకట్ట అవతల కాలనీలో, పక్కా ఇంట్లో, ఒక్కడే వండుకు తింటాడు. మంచం గోడకు ఆనించడు, గది నడిమధ్య వేసుకుంటాడు. వరద ఎంతొచ్చిందని ఎవరడిగినా ఒకటే జవాబు.

"నాన్న గీత దాకా కూడా రాలేదండీ."