వరాలమ్మ ఖాళీ చేసిన ఇల్లు

కరోనా తగ్గి ఆఫీసులు మళ్ళీ పూర్తిగా తెరుచుకున్న ఏడాది నన్ను ఖరగ్‌పూర్‌కు అద్దెల సర్వే పర్యవేక్షకురాలిగా వేశారు. అంతకుముందు చాలాకాలం హౌరాలో బియ్యం, పప్పులు, వంటనూనెల ధరలు సేకరించే విభాగంలో పనిచేశాను. రిటైర్మెంటు దగ్గరపడుతోంది గనుక సొంత ఊరు అడిగాను, ఇచ్చారు. మా తాతగారు భీమిలి వైపు నుంచి వచ్చి ఇక్కడి రైల్వే వర్క్‌షాపులో చేరారు. నాన్నగారూ అందులోనే చేసి రిటైరయ్యారు. మా కుటుంబంలో వర్క్‌షాపు సైరన్‌తో సంబంధం లేని ఉద్యోగం చేసిన మొదటి మనిషిని నేనే.

ఈ సర్వే గురించి బయటివాళ్ళకు తెలిసింది తక్కువ. ప్రభుత్వం ధరల సూచీ అని ఒకటి లెక్కగడుతుంది. ఉద్యోగుల కరువు భత్యం, పెన్షనర్ల భత్యం దాన్ని బట్టే పెరుగుతాయి. అందులో తిండి, బట్ట, మందులతో పాటు ఇంటి అద్దె కూడా ఒక భాగం. అద్దె కోసం ఊళ్ళో కొన్ని ఇళ్ళను నమూనాగా ఎంచుకుని, ఆరు నెలలకొకసారి అవే ఇళ్ళకు వెళ్తాం. అద్దె ఎంత, నీళ్ళెక్కడివి, మరమ్మతులేమైనా చేశారా, గది కొత్తగా వేశారా అని అడుగుతాం. గది వేశాక అద్దె పెరిగితే దాన్ని ధర పెరిగినట్టు రాయకూడదు. అక్కడ పెరిగింది ఇల్లు. ఈ తేడా కొత్త ఇన్వెస్టిగేటర్లకు ఒంటబట్టడానికి చాలాకాలం పడుతుంది. ఏ ఇల్లు నమూనాలో ఉందో బయట ఎవరికీ చెప్పకూడదన్నది ఇంకో నియమం. అందుకే ఇక్కడ పేర్లు మార్చాను, నేను చెప్పబోయే ఇల్లు ఏ వీధిలోదో రాయడం లేదు. ఆ ఇంటిని ఇప్పుడు నమూనాలోంచి తీసేశారని తెలిశాకే ఈ మాత్రమైనా రాస్తున్నాను.

నా కింద ఇద్దరు ఇన్వెస్టిగేటర్లు ఉండాలి, ఒక్కరే ఉండేవారు. రెండో మనిషి ఇళ్ళు నేనే తిరిగేదాన్ని. ఖరగ్‌పూర్‌లో అద్దెలను అర్థం చేసుకోవాలంటే ముందు రైల్వే క్వార్టర్లను చూడాలి. క్వార్టర్‌లో ఉన్నవాళ్ళకు జీతంలో కోత పడుతుంది, అది ఎప్పుడో గాని మారదు. కానీ క్వార్టర్లు పాతబడ్డాయి. కొన్నిటికి ప్రమాదకరమని బోర్డు పెట్టి తాళం వేశారు. కాంట్రాక్టు పనివాళ్ళకు అసలు ఇవ్వరు. వీళ్ళంతా ఖరిదా, సుభాష్‌పల్లి వైపు అద్దె వాటాలకు వస్తారు. కరువు భత్యం పెరిగిందన్న వార్త ఉద్యోగి ఇంటికంటే ముందు ఇంటి ఓనరుకు చేరుతుందని మా నాన్నగారు అనేవారు. భత్యం లేనివాళ్ళు కూడా ఆ పెరిగిన అద్దే కట్టాలి కదా. ఇళ్ళ పథకాలు ఢిల్లీవీ ఉన్నాయి, కోల్‌కతావీ ఉన్నాయి. రెండింటికీ ముందు సొంత స్థలం చూపించాలి. అద్దెకున్నవాళ్ళు ఎవరి లెక్కలోకీ రారు.

ఈ మాటలన్నీ పైకి అనేవాడు ఒకడుండేవాడు. పేరు ప్రభాకర్. సుభాష్‌పల్లిలో ఉండేవాడు, ప్రైవేటు కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి మానేశాడు. మేడమీద గదిలో కూర్చుని ఫోనుతో వీడియోలు చేసి ఇంటర్నెట్‌లో పెట్టేవాడు. దేశ రాజకీయాలు, ధరలు, ఉద్యోగాలు, అన్నీ తెలుగులో చెప్పి, మధ్యలో బెంగాలీ, హిందీ కలిపేవాడు. ఏ పార్టీ దగ్గరా పైసా తీసుకునేవాడు కాదు. ఆ సంగతి రెండు పార్టీలవాళ్ళూ ఒప్పుకునేవారు, అందుకే ఇద్దరికీ అతనంటే గిట్టేది కాదు. ఎన్నికల ముందు అతని వీడియోలు టీకొట్ల దగ్గర గుంపుగా చూసేవారు.

ఒకరోజు నా ఆఫీసుకొచ్చాడు. చిన్నప్పట్నుంచీ తెలిసినవాడే. కుర్చీ లాక్కుని, "అక్కా, మీ లెక్కలో అద్దెలు మెల్లగా పెరుగుతన్నాయి. నా ఇంటికొచ్చినోళ్ళంతా అద్దె కట్టలేక సస్తన్నామంతన్నారు. ఎవలు అబద్దమాడుతన్నారు?" అని సూటిగా అడిగాడు.

పద్ధతి రహస్యమేమీ కాదు కాబట్టి పద్ధతి చెప్పాను. క్వార్టర్ల కోత కదలదని చెప్పాను. పదేళ్ళుగా ఒకే వాటాలో ఉన్న కుటుంబానికి ఓనరు మొహమాటపడి అద్దె కొద్దికొద్దిగానే పెంచుతాడని, కొత్తగా దిగేవాళ్ళకు మాత్రం ఒకేసారి పెంచేస్తాడని చెప్పాను. నమూనాలో ఇద్దరూ ఉంటారు, కలిపితే వచ్చే సంఖ్య ఇద్దరిలో ఎవరిదీ కాదు.

అది విని అతను, "అయితే ఇల్లు మారినోడే దెబ్బతింతన్నాడు" అన్నాడు. అవునన్నాను. దీన్ని జనానికి ఒక ఉదాహరణతో చూపిస్తానన్నాడు. ఖరిదాలో టైలరింగ్ చేసే వరాలమ్మ పాత అద్దెకు ఉంది, అదే ఓనరు ఇంట్లో గోడకవతలి వాటాలో కొత్తగా దిగినవాళ్ళు దాదాపు రెట్టింపు కడుతున్నారు, ఒకే గోడ, రెండు అద్దెలు.

వరాలమ్మ ఇల్లు నా నమూనాలో ఉంది. ఆ సంగతి చెప్పే వీల్లేదు. ఎవరి ఇంటినైనా సరే, గుమ్మం గాని మనిషి ముఖం గాని చూపించవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. మేమెందుకు పేర్లు దాస్తామో వివరించాను. ప్రభాకర్ ఒప్పుకోలేదు. "ముకం సూపించకపోతే ఎవలు నమ్ముతారక్కా? ఆవిడే సెప్తానంతంది" అన్నాడు.

నిజంగానే ఆవిడే చెప్పింది. వరాలమ్మ భర్త వర్క్‌షాపులో కాంట్రాక్టు కింద పనిచేసేవాడు, చనిపోయాడు. మిషను పెట్టుకుని, పదో తరగతి చదివే కూతురితో ఉండేది. నా జాకెట్లు కూడా ఆమే కుట్టేది. వీడియోలో ఆమె నవ్వుతూ, మా ఓనరు శ్యామల్‌బాబు దేవుడిలాంటోడు, ఇన్నేళ్ళలో అద్దె పెద్దగా పెంచలేదు అంది. ప్రభాకర్ కూడా శ్యామల్‌బాబును పొగిడాడు. వ్యాఖ్యానం చాలా బాగుంది. అద్దెదారులకు పథకమేదీ లేదన్న విషయం అంత సులువుగా ఎవరూ చెప్పగా నేను వినలేదు.

తరువాత జరిగింది అతని చేతిలో లేదు. ఒక పార్టీవాళ్ళు వరాలమ్మ మాటలు మాత్రం కత్తిరించి, మా హయాంలో అద్దెలు ఇంత తక్కువ అని పంచారు. ఇంకో పార్టీవాళ్ళు పక్క వాటా ముక్క తీసుకుని, ఓనర్లు ఇలా దోచుకుంటున్నా పట్టించుకునేవాడు లేడని పంచారు. శ్యామల్‌బాబు ఇంటి గుమ్మం ఆ రెండు ముక్కల్లోనూ కనబడింది. దుర్గాపూర్‌లో ఉండే ఆయన కొడుకు అది చూశాడు. సగం అద్దెకు ఎందుకిచ్చావని తండ్రితో గొడవపడ్డాడు. ఆ వారమే శ్యామల్‌బాబు వరాలమ్మను ఇల్లు ఖాళీ చేయమన్నారు.

ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి వరాలమ్మ మా వరండాలో కూర్చుని ఉంది. మంచినీళ్ళిచ్చాను, తాగలేదు.

"నానేటి తప్పు మాటాడినానమ్మా? మంచోడనే కదా సెప్పినాను. మా గుంటకి పరీచ్చలు వత్తన్నాయి, ఇప్పుడు ఎలిపోమంతే ఎక్కడికెల్తాను?" అంది. మళ్ళీ తనే, "మీరు గవర్నమెంటోళ్ళు కదా. అద్దెల లెక్క మీదే కదా. మీరొక్క మాట సెబితే ఆయన ఇంతాడు" అంది.

ఇక్కడ మా ఉద్యోగం గురించి ఒక విషయం చెప్పాలి. ధర సేకరించేవాళ్ళు ఆ ధరను ముట్టుకోకూడదు. నేను వెళ్ళి శ్యామల్‌బాబుకు నచ్చజెప్పి అద్దె ఆపిస్తే, ఆ తరువాత నేను ఆ ఇంట్లో రాసుకునేది బజారు పెట్టిన అద్దె అవదు, నేను పెట్టించిన అద్దె అవుతుంది. అయినా సోమవారం కోల్‌కతాలోని మా డిప్యూటీ డైరెక్టరుకు ఫోన్ చేశాను. ఆయన మంచివాడే. మీరు కల్పించుకోదలిస్తే ముందు ఆ ఇంటిని నమూనాలోంచి తీసేయాలి, కారణం రాయాలి, రేపు ఇంకో ఇంట్లో ఇలాగే జరిగితే దాన్నీ తీసేస్తారా అని అడిగారు. కష్టం వచ్చిన ఇళ్ళన్నీ తీసేస్తూపోతే చివరికి కష్టం లేని ఇళ్ళే మిగులుతాయని నాకూ తెలుసు. అప్పుడు సూచీ నిజంగానే అబద్ధమవుతుంది.

నేను వెళ్ళలేదు. ఈరోజు అడిగినా వెళ్ళను. అలాగని ఆ వారం నాకు సరిగ్గా నిద్రపట్టిందని కాదు.

ప్రభాకర్‌ను పిలిపించి, నువ్వు వెళ్ళు అన్నాను. అతను అప్పటికే వీడియో తీసేశాడు గాని, ముక్కలు ఊరంతా తిరుగుతూనే ఉన్నాయి. శ్యామల్‌బాబు అరుగు మీద ఒక పూటంతా కూర్చున్నానని ప్రభాకర్ తరువాత చెప్పాడు. చివరికి ఆయన కోపంగా కాదు, బాధగా మాట్లాడారట. తను చేసింది ప్రైవేటు ఫ్యాక్టరీలో స్టోర్‌కీపర్ ఉద్యోగం, పెన్షన్ లేదు, వాటాల అద్దెలే ఆధారం, పైకప్పు కారుతోంది, ఇంటిపన్ను పెరిగింది. "మీరు నన్ను మంచివాణ్ణని ఊరందరికీ చూపించారు. ఇప్పుడు మిగతా వాటాలవాళ్ళు కూడా వచ్చి మాకెందుకు తగ్గించవంటున్నారు. అందరికీ మంచివాణ్ణయితే నేనేం తినాలి?" అన్నారట. వరాలమ్మ కూతురి పరీక్షలు అయ్యేదాకా ఆగమని మాత్రం ప్రభాకర్ బతిమాలాడు. శ్యామల్‌బాబు ఒప్పుకున్నారు. అంతకుమించి కదల్లేదు.

పరీక్షలయ్యాయి. వరాలమ్మ ఊరి బయట సాలువా వైపు చవకగా దొరికిన గదికి మారింది. మిషను వ్యానురిక్షాలో వెళ్ళింది. ప్రభాకర్ వెంట వెళ్ళి సామాను దించాడు.

తరువాతి విడతలో నమూనా ప్రకారం నేను మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళాను. కొత్తగా పెళ్ళయిన జంట ఉంది, పక్క వాటావాళ్ళంత అద్దె కడుతున్నారు. అబ్బాయి ఒక ల్యాబ్‌లో టెక్నీషియన్. పైకప్పుకు మరమ్మతు చేశారా అని అడిగాను, వర్షం వస్తే ఇప్పటికీ గిన్నె పెడుతున్నామన్నారు. అంటే ఇల్లు మారలేదు, ధరే పెరిగింది. అలాగే రాశాను. ఆ విడత లెక్కలు చూసి కోల్‌కతా ఆఫీసు నుంచి ఒకరు ఫోన్ చేశారు. మీ కేంద్రంలో ఇన్నాళ్ళకు అద్దెల్లో కదలిక కనబడింది, ఫీల్డు పని జాగ్రత్తగా జరుగుతోంది అని మెచ్చుకున్నారు. వాళ్ళు మెచ్చుకున్న కదలికలో ఈ ఇల్లూ ఉంది. నేను థాంక్స్ చెప్పి ఫోన్ పెట్టేశాను.

కొన్నాళ్ళకు సాలువా వెళ్ళాను. ఆఫీసు పని మీద కాదు, జాకెట్టు గుడ్డ పట్టుకుని వెళ్ళాను. గది చిన్నదైనా గాలి బాగా వస్తోంది. ఖరిదా గిరాకీ అంతా పోయిందని, అంత దూరం జాకెట్టు కోసం ఎవరొస్తారని వరాలమ్మ అంది. ఇప్పుడు అక్కడి పోలీసు క్యాంపులో యూనిఫారాలు బిగించే పని వస్తోందట. కూతురు పాసయింది గాని, పదకొండులో చేరిన స్కూలు ఖరిదాలోనే ఉండటంతో టోటోకు, అంటే బ్యాటరీ రిక్షాకు, రోజూ ఛార్జీ అవుతోంది. ఇక్కడ గది అద్దె తక్కువే, కానీ ఆ రాకపోకలు కలిపితే మిగిలేదేమీ లేదని చెప్పింది.

"ప్రభాకర్ బాబు మీద నాకు కోపం నేదమ్మా" అంది కొలత తీసుకుంటూ. "శ్యామల్‌బాబు మీదా నేదు. ఆయన మంచోడే. ఎవల మీద కోపం పెట్టుకోవాలో తెలీక ఊరుకున్నాను." కత్తెర కోసం వెతుకుతూ, "ఇప్పుడు నాను కడతన్నది కూడా మీ లెక్కలో రాసుకుంతారా?" అని అడిగింది.

మేం రాసుకోం అని చెప్పాను. ఎందుకని ఆమె అడగలేదు, కారణం నేనే చెప్పాను. మేము ఇంటిని చూస్తూ ఉంటాం, మనిషిని కాదు. ఇల్లు అక్కడే ఉంటుంది గనుక మళ్ళీ వెళ్ళగలుగుతాం. వెళ్ళిపోయినవాళ్ళు ఎక్కడికి వెళ్ళారో మాకు తెలియదు.

"మరి నాకు తెలుసు కదా" అంది వరాలమ్మ.

ఆ ఏడాది కోల్‌కతాలో జరిగిన సమావేశంలో నేను ఒక ప్రతిపాదన పెట్టాను. ఇంట్లోకి కొత్తవాళ్ళు దిగినప్పుడు పాత అద్దెదారు ఎక్కడికి వెళ్ళారో, ఇప్పుడేం కడుతున్నారో వీలైతే కనుక్కోవాలన్నాను. అది వేరే సర్వే అవుతుంది, దానికి వేరే సిబ్బంది, వేరే నిధులు కావాలని సమాధానం వచ్చింది. సమాధానం సరైనదే. ఆ సర్వే ఇప్పటికీ మొదలైనట్టు నాకు తెలియదు.

ప్రభాకర్ ఇప్పటికీ వీడియోలు చేస్తున్నాడు. ఎవరి ఇంటి గుమ్మమూ చూపించడు. చూసేవాళ్ళు తగ్గారని, ముఖం లేని మాట జనానికి చప్పగా ఉంటుందని అంటాడు. కానీ అద్దెదారుల సంగతి వదల్లేదు. ఎన్నికలప్పుడు ఇద్దరు అభ్యర్థులనూ ఒకే ప్రశ్న అడిగాడు, ఇద్దరూ సొంతిళ్ళ గురించే జవాబు చెప్పారు.

నేను రిటైరయ్యాను. ధరల సూచీ తప్పని ఎవరైనా అంటే ఇప్పటికీ ఒప్పుకోను. తనను అడిగిన ప్రశ్నకు అది నిజాయితీగానే జవాబు చెబుతుంది. ఆ ప్రశ్న ఏమిటో తెలియకుండా జవాబును వాడుకోవడం దగ్గరే పార్టీలూ, పత్రికలూ, కొన్నిసార్లు మా ఆఫీసూ పొరబడతాయి. ఖరగ్‌పూర్‌లో అద్దెలు ఎంత పెరిగాయని నన్ను ఎవరైనా అడిగితే, నేను ముందు ఒకటి అడుగుతాను: ఇంటి సంగతి అడుగుతున్నారా, అందులోంచి వెళ్ళిపోయిన మనిషి సంగతా? మొదటిదానికి లెక్క ఉంది. రెండోదానికి ఆ మనిషి దగ్గరికే వెళ్ళాలి.