గళ్ళ లుంగీ గౌను

ఆ రోజుల్లో చిన్నపిల్లల బట్టలు చూసేవాళ్ళ కోసమే తయారయ్యేవి. వేసుకునేవాళ్ళ సంగతి ఎవరికీ పట్టేది కాదు. ఉక్కపోతకు ఊరు ఊరంతా విసనకర్రలు పట్టుకుని అరుగుల మీద కూర్చున్నా సరే, ఫంక్షను అంటే మాత్రం ఆడపిల్లకు తళతళలు, పూసలు, మెడ చుట్టూ కుచ్చులు ఉండి తీరవలసిందే. పిల్ల గుక్కపట్టి ఏడిస్తే దిష్టి అనేవారు, ఉప్పు తిప్పి పోసేవారు. గౌను విప్పి చూద్దామని ఎవరికీ తోచేది కాదు. నాకు అసలే తోచలేదు.

ఇప్పుడు గూడూరులో నాకు చిన్నపిల్లల బట్టల కొట్టు ఉంది. ఎవరైనా వచ్చి ఆడపిల్లకు గౌను అడిగితే, ముందు దాన్ని తిరగేసి లోపలి వైపు నా మెడకు రుద్దుకుని చూస్తాను. (నలభై దాటిన మీసాలాయన గులాబీ రంగు గౌను మెడకు రుద్దుకోవడం చూసి కొత్తవాళ్ళు కాస్త వెనక్కి జరుగుతారు. పాతవాళ్ళకు అలవాటైపోయింది.) గుచ్చుకోకపోతేనే బేరం. చెమట పీల్చే నూలు గుడ్డ కావాలి, చేతులు పైకెత్తడానికి చోటుండాలి, తల దూర్చేటప్పుడు ఏడవక్కర్లేని మెడ ఉండాలి, వీలైతే ఒక జేబు ఉండాలి. ఆడపిల్లలకూ దాచుకోవలసిన గవ్వలుంటాయి కదా. ఈ జ్ఞానమంతా నాకు పుట్టుకతో రాలేదు. మా మేనకోడలు నేర్పింది. అప్పటికి ఆమెకు మూడేళ్ళు కూడా నిండలేదు.

మా అక్కను సముద్రం ఒడ్డు పల్లెలో ఇచ్చాం. బావ వాళ్ళది చేపలవేట. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా వేసవిలో కొన్నాళ్ళు ప్రభుత్వం వేట ఆపిస్తుంది. పడవలన్నీ ఒడ్డెక్కుతాయి, మగవాళ్ళందరూ ఇళ్ళ దగ్గరే ఉంటారు. మళ్ళీ అంతమందీ ఒక్కచోట దొరకరు కాబట్టి ఆ పల్లెల్లో పెళ్ళిళ్ళు, పేరంటాలు అన్నీ సరిగ్గా ఆ మండుటెండల్లోనే పెట్టుకుంటారు. మా అక్క కూతురికి పుట్టువెంట్రుకలు తీసి చెవులు కుట్టించడం కూడా అలాగే నడి వేసవిలో పడింది. పిల్లకు గుండు చేయించి, స్నానం పోసి, మేనమామ తెచ్చిన బట్టలు తొడిగి, మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టి చెవులు కుట్టాలి. అక్కకు తమ్ముణ్ణి నేనొక్కణ్ణే. అంటే ఆ రోజు పిల్ల ఒంటి మీద బట్ట నాది, కూర్చునే ఒడి నాది.

ఒడి దగ్గరే వచ్చింది చిక్కు. నేను అప్పుడే గూడూరులో నిమ్మకాయల మండీలో పనికి చేరాను. సెలవు దొరక్క అక్క ఇంటికి ఎప్పుడో తప్ప వెళ్ళేవాణ్ణి కాదు. పిల్ల (బుడంకాయ అని పిలిచేవాళ్ళం, ఆకారం అలాంటిది) నన్ను చూస్తే చాలు, అక్క కొంగు వెనక్కి దూరేది. నేను కొత్తగా పెంచిన మీసం నాకు తప్ప ఎవరికీ నచ్చలేదు, ఆ పిల్లకు బొత్తిగా నచ్చలేదు. బిస్కెట్ల పొట్లం చూపిస్తే కొంగు వెనక నుంచి ఒక చెయ్యి వచ్చేది, పొట్లం తీసుకుని మళ్ళీ వెనక్కి పోయేది. రేపు ఊరందరి ముందూ నా ఒళ్ళో కూర్చోనని మొరాయిస్తే ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? ముఖం సంగతి అలా ఉంచండి. ఆ పిల్ల ఒక్కసారి తనంతట తాను నా దగ్గరికి రావాలని నాకు చాలా ఆశగా ఉండేది. దానికి మార్గం ఒక్కటే అనిపించింది. ఆ తీరంలో ఎవరూ చూడనంత గొప్ప గౌను తీసుకుపోవాలి.

నెల్లూరు వెళ్ళి ఓ పెద్ద బట్టల కొట్లో దూరాను. కొట్టాయన "పాప ఎంతుంటాదన్నా?" అని అడిగితే చేత్తో నిమ్మకాయల బస్తా ఎత్తు చూపించాను. (మండీలో పనిచేసేవాడికి లోకంలోని ఎత్తులన్నీ బస్తాల్లోనే కనిపిస్తాయి.) ఎదిగే పిల్ల కదా అని ఆయన ఒక సైజు పెద్దది తీశాడు. ఎదిగే పిల్లే కదా అని నేను దానికంటే పెద్దది అడిగాను. ముందుగా పాపం మంచివే చూపించాడు, మెత్తటి నూలువి, చేతుల్లేనివి, చిన్న చిన్న పూలవి. "ఇవి ఇంట్లో ఏసుకునేటివన్నా, నాకు ఫంక్షనుకు కావాల" అని నేను వాటి వంక చూడనైనా చూడలేదు. అప్పుడు అటక మీద నుంచి దించాడు దాన్ని. గులాబీ రంగు నెట్టు గుడ్డ, పొరలు పొరలుగా, గొడుగు తెరిచినట్టు నిలబడే అంచు, ముట్టుకుంటే రాలే మెరుపు, మెడ చుట్టూ పూసలు, వీపున జిప్పు, వీటన్నిటికీ తోడు భుజాల వెనక రెండు రెక్కలు. "ఇది ఏస్తే పాప నడవదన్నా, తేలిపోతాది" అన్నాడు కొట్టాయన. అందులో మొదటి సగం అక్షరాలా జరిగింది. మండీలో ఒక్క నిమ్మకాయను కూడా వేళ్ళతో నొక్కకుండా గంపలో వేసేవాణ్ణి కాదు. ఆ గౌనును మాత్రం కళ్ళతో చూసి కొనేశాను.

దాని పెట్టె బస్సులో సామాన్ల అరలో పట్టలేదు. నా ఒళ్ళో పెట్టుకుంటే ఎదురుగా దారి కనపడలేదు. "లోపల ఎవురన్నా ఉండారా?" అని అడిగాడు కండక్టరు. ఫంక్షనుకు ముందు రోజు సాయంత్రం పల్లెలో దిగేసరికి నా వెనక పిల్లల గుంపు, వాళ్ళ వెనక పెద్దల గుంపు. అక్క ఇంటి వాకిట్లో పెట్టె విప్పగానే అందరూ నోరు తెరిచారు. అక్క అత్తగారు, ఆ ఇంట్లో ఆమె మాటకు తిరుగు లేదు, గౌను చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "మా ఇంట ఇట్టాంటిది ఎవురూ ఏసుకోలా అబ్బయ్యా, మేనమామంటే నువ్వే" అన్నది. ఆ మాటతో నేను ఇంకాస్త పొడుగయ్యాను. అక్క ఒక్కతే గౌను లోపలికి చెయ్యి పెట్టి, వేలితో రుద్ది చూసి, నా ముఖంలోకి చూసి, చెయ్యి బయటికి తీసింది. ఆ రాత్రి పడుకోవడానికి నా సంచిలోంచి పాత గళ్ళ లుంగీ తీసి కట్టుకున్నాను. నీలం గళ్ళది, ఉతికి ఉతికి వెన్నలాగా అయిపోయింది. పొద్దున్నే స్నానం చేసి దాన్ని పెరట్లో దండెం మీద ఆరేసి, కొత్త ప్యాంటు వేసుకున్నాను. ఇక ఆ లుంగీ సంగతి మర్చిపోయాను.

తాటాకు పందిట్లో జనం కిటకిటలాడారు. సముద్రపు గాలి కూడా ఆ పూట వేట మానేసి ఇంట్లో పడుకున్నట్టుంది. గుండు చేయించుకున్నంతసేపూ బుడంకాయ ఊరికి వినపడేలా ఏడ్చి, నీళ్ళు పోసి గుండుకు చల్లగా గంధం రాస్తే కాస్త తెప్పరిల్లింది. అప్పుడు తొడిగారు నా గౌను. పిల్ల మాయమైపోయింది. పైన గంధం గుండు, కింద గులాబీ గోపురం, మధ్యలో రెండు చేతులు కిందికి దిగే వీల్లేక అడ్డంగా నిలబడి ఉన్నాయి. రెక్కల మెరుపు తడి గంధానికి అంటుకుని గుండు కూడా తళుక్కుమంటోంది. "అబ్బ, దేవకన్యలాగుండాది" అన్నారెవరో. దేవకన్య ఒక అడుగు వేసి, అంచు తొక్కుకుని బోర్లా పడబోయి, గౌను గట్టిదనం వల్ల పడలేక అలాగే వాలి ఆగింది. తరవాత మొదలైంది ఏడుపు. మామూలు ఏడుపు కాదు, మధ్యలో ఊపిరి కూడా తీసుకోని ఏడుపు.

"గుచ్చుతాది" అంటుంది. విప్పితే ఊరుకుంటుంది. తొడిగితే మళ్ళీ మొదలు. చెవులు కుట్టే ఆచారి సూది పట్టుకుని నా ముందు కూర్చున్నాడు, నేను ఒడి సర్దుకుని పీట మీద కూర్చున్నాను, మంచి గడియ దాటిపోతోందని అక్క అత్తగారు తొందర పెడుతోంది. బావ ఐసు తెచ్చి ఆశ పెట్టాడు. ఐసు తింటూ ఏడ్చింది. పిల్ల మెడ చుట్టూ అప్పటికే ఎర్రగా చెమటకాయలు లేచాయి. "మీ మామ తెచ్చినాడమ్మా, ఎంత దూరం నించో తెచ్చినాడు, ఏసుకోమ్మా" అని ఎవరో నచ్చజెప్పబోయారు. బుడంకాయ ఏడుపు ఆపి, ఆ గుచ్చే గోపురానికీ నాకూ ఉన్న సంబంధం ఏమిటో ఒక్క క్షణం ఆలోచించింది. తరవాత వేలు నా వైపు చూపించి, "మామ వద్దు" అన్నది.

పందిరంతా నవ్వింది. నేనూ నవ్వాననే అనుకుంటాను. దాహమని చెప్పి లేచి పెరట్లోకి పోయాను. అక్కడ బోర్లించిన పడవ పక్కన నీడలో కూర్చుని, ఇంత చిన్న పిల్ల అన్న మాటకు ఇంత బాధేమిటని నన్ను నేను తిట్టుకుంటున్నాను. ఇంతలో గౌను విప్పించుకున్న బుడంకాయ బనీనుతో పరిగెత్తుకుంటూ పెరట్లోకి వచ్చింది, వెనక ఆడవాళ్ళ దండు. దాక్కోవడానికి అటూ ఇటూ చూసి, దండెం మీద ఆరేసి ఉన్న నా లుంగీలోకి దూరింది. దాన్ని గుంజి ఒంటికి చుట్టుకుని, తడి ముఖం అందులో తుడుచుకుని, అలాగే నిలబడిపోయింది. ఏడుపు లేదు. ఆడవాళ్ళు కూడా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

కాసేపటికి లుంగీ లోంచి ఒక కన్ను బయటికి వచ్చింది. "ఇది ఎవురిది?" అని అడిగింది.

"నాదే" అన్నాను.

బుడంకాయ ఆలోచించింది. "మెత్తంగుండాది" అన్నది. తరవాత ఇంకొంచెం ఆలోచించి, "నాకియ్యి మామా" అన్నది. బిస్కెట్లు కాకుండా ఆ పిల్ల నన్ను నోరు తెరిచి అడిగిన మొదటి వస్తువు అది. లుంగీ కాదు, ఆ క్షణంలో నిమ్మకాయల మండీ అడిగినా రాసిచ్చేవాణ్ణి.

కానీ అక్క అత్తగారు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "మేనమామ తెచ్చిన బట్టే కట్టాల అబ్బయ్యా. పాత లుంగీతో కూర్చోబెడితే ఊరు నవ్వుతాది."

"ఇది కూడా నేను తెచ్చిందే కదత్తా" అన్నాను.

ఆమె ఆ మాటలో తప్పు వెతుకుతున్నట్టు నన్నూ, లుంగీనీ మార్చి మార్చి చూసింది. "తెచ్చింది నువ్వే. కానీ కొత్తది కాదే" అన్నది. అక్క ఈ వాదన పూర్తయ్యేదాకా ఆగలేదు. లుంగీని పిల్ల మీద నుంచి నెమ్మదిగా తీసుకుని కుట్టు మిషను దగ్గర కూర్చుంది. నిన్న సాయంత్రం నుంచీ ఆమె వేలిలో ఆగి ఉన్న మాటంతా ఆ కత్తెరలోకి వచ్చింది. మెడకు చోటు, చేతులకు చోటు, భుజాల మీద ముడివేసే రెండు పట్టీలు, మోకాళ్ళ దాకా వదులుగా గౌను, మిగిలిన ముక్కతో ముందర ఒక జేబు. గడియ దాటకముందే అది తయారై వచ్చేసరికి అక్క అత్తగారు లోపలికి వెళ్ళి గిన్నెలో తడిపసుపు తెచ్చింది. గౌను అంచున ఒక మూల ఇంత పసుపు పెట్టి, ఊరందరికీ వినపడేలా, "పసుపు పెట్టినాక కొత్తదే" అని తీర్పు చెప్పేసింది.

బుడంకాయ ఆ గౌను వేసుకుని చేతులు రెండూ పైకెత్తింది, దించింది, మళ్ళీ ఎత్తింది. జేబులో చెయ్యి పెట్టి చూసుకుంది. తరవాత ఎవరూ చెప్పకుండా, ఎవరూ ఎత్తుకోకుండా, పందిట్లోకి నడిచి వచ్చి నా ఒళ్ళో కూర్చుంది. ఆచారి సూది గుచ్చినప్పుడు ఏడవకపోలేదు, ఏడ్చింది. కానీ అటు తిరిగి నా చొక్కా పట్టుకుని ఏడ్చింది. నాకు జీవితంలో అంత గొప్పగా ఎప్పుడూ అనిపించలేదు. అప్పుడు తీసిన ఫోటోలో అంతా ఉంది, మెరుపులంటిన గంధం గుండు, నీలం గళ్ళ గౌను, ముక్కు తుడుచుకుంటున్న చెయ్యి, వెనక ఇకిలిస్తున్న నేను. (ఆ రాత్రి కట్టుకోవడానికి లుంగీ లేక, ఆ ఉక్కలో కొత్త ప్యాంటుతోనే పడుకున్నాను. అది ఫోటోలో లేదు.) ఆ వేసవంతా పిల్ల ఆ గౌను ఒంటి మీద నుంచి దించలేదట. ఉతకాలంటే నిద్రపోయినప్పుడు విప్పాల్సి వచ్చేదని అక్క చెప్పింది. రెక్కల గౌను మాత్రం కొన్నాళ్ళు మేకుకు వేలాడింది. తరవాత బావ దాని నెట్టు విప్పి, ఎండబెట్టిన చేపల మీద కాకులు వాలకుండా కప్పాడు. చాలా బాగా పనికొచ్చిందని నాతో మనస్ఫూర్తిగానే అన్నాడు.

నిమ్మకాయలు వదిలి చిన్నపిల్లల బట్టల్లోకి రావడానికి ఆ రోజే కారణమంటే మా ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ. బుడంకాయ ఇప్పుడు పెద్దదై, పెళ్ళయి అలాంటి ఇంకో పల్లెకు వెళ్ళింది, తనకూ ఒక బుడంకాయ పుట్టింది. ఈ వేసవిలో, మళ్ళీ వేట ఆగిన రోజుల్లోనే, ఆ పిల్లకు చెవులు కుట్టిస్తున్నారు. ఈసారి మేనమామ వంతు బుడంకాయ తమ్ముడిది. అక్క గళ్ళ గౌను కుట్టినప్పటికి వాడింకా పుట్టలేదు. పోయిన వారం మా కొట్టుకు వచ్చి, "మామా, ఆ పల్లెలో ఎవురూ చూడంది ఒకటి తియ్యి" అన్నాడు. నేను మెత్తటి నూలు గౌన్లు పరిచాను. వాటి వంక చూడనైనా చూడలేదు. వేలు పైకెత్తి, నేను కొనుక్కొచ్చి పాపభీతితో పై అరలో దాచిన ఒకే ఒక్క జిలుగుల గౌనును చూపించాడు. దించి, తిరగేసి, వాడి మెడకు రుద్దబోతే, "గిలిగింతలు పెట్టమాక మామా, ఫోటోలో లోపలి పక్క కనపడదులే" అని తప్పించుకున్నాడు. ఆ పిల్ల ఇంతవరకూ వాడి దగ్గరికి రావడం లేదని, ఈ గౌను చూస్తే తప్పకుండా వస్తుందని ఆశగా చెప్పాడు.

నేను నోరు తెరిచాను. చెప్పవలసిందంతా నాలుక చివరి దాకా వచ్చింది. కానీ వాడి ముఖంలో కొత్త మీసం, ఆ మీసం కింద ఆ ఆశ చూసేసరికి చెప్పబుద్ధి కాలేదు. ఇరవై ఏళ్ళప్పుడు నాకు ఎవరైనా చెప్పినా నేను వినేవాణ్ణి కాదు. జిలుగుల గౌను జాగ్రత్తగా మడిచి పెట్టెలో పెట్టాను. మధ్యాహ్నం కొట్లో కునుకు తీసేటప్పుడు నేను కట్టుకునే గళ్ళ లుంగీ, మొన్ననే ఉతికింది, దాన్ని కూడా మడిచి అడుగున పెట్టాను.

"ఈ పాత లుంగీ ఎందుకు మామా?" అన్నాడు.

"నీకేరా. రాత్రికి కట్టుకో. పొద్దున్నే ఉతికి పెరట్లో దండెం మీద ఆరెయ్యి. కిందికి ఆరెయ్యి, చిన్నపిల్లకు అందేటట్టు" అన్నాను.

వాడికేమీ అర్థం కాలేదు. అయినా సరేనని తలూపి, ఆ పెట్టె గుమ్మంలో పట్టక పక్కకు తిప్పుకుని, ఎదురుగా దారి కనపడక తడుముకుంటూ, నవ్వుకుంటూ వెళ్ళాడు. వాడు వీధి మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలోనే నిలబడి చూశాను.