రెండో కార్డు

తలమీద కాకి తంతే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మమ్మ నమ్మకం. విరుగుడూ ఆవిడే చెప్పేది. తన్నించుకున్నవాడు పోయాడని బంధువులకు అబద్ధపు కబురు పంపాలి. వాళ్లు నిజంగా ఏడవాలి. దోషం పోయాక, బతికే ఉన్నాడని ఇంకో కబురు పంపాలి.

తొంభైల్లో ఒక పొద్దున, బందరులో మా పెరట్లో పళ్లు తోముకుంటున్న మావయ్యను కాకి తన్నింది. అమ్మమ్మ చెబుతుంటే కార్డు రాసింది నేనే. డిగ్రీ చదువుతున్నదాన్ని కదా! దివిసీమలో మావయ్యకున్న ఎకరం పొలాన్ని సాగుచేసిపెడుతున్న ఆయన పెదనాన్న కొడుక్కి రాశాను. నాకు ఆయన పెద్దమావయ్య. పరిగెత్తుకొస్తాడేమోనని, "దినం కూడా అయిపోయింది, రానక్కర్లేదు" అని సొంత తెలివి కలిపాను. కార్డు పోస్టుచేసి వచ్చేసరికి పోయినవాడు ఉప్మా తింటున్నాడు.

రెండో కార్డు రాయడం శుభ్రంగా మర్చిపోయాను.

కడచూపుకైనా పిలవలేదని పెద్దమావయ్య అలిగి మా గడప తొక్కలేదు. అమ్మమ్మకు ధాన్యం బస్తాలు మాత్రం తప్పకుండా పంపేవాడు. రెండేళ్లకు మావయ్య పాస్‌బుక్కు కోసం ఎమ్మార్వో ఆఫీసుకు వెళ్తూ నన్నూ తీసుకెళ్లాడు. పెళ్లీ పిల్లలూ లేని మనిషి, ఆ ఎకరమే ఆయన ఆస్తి.

"ఆయన పోయారండీ. పొలం సాగుచేస్తున్న అన్నగారి పేరుకి మారింది," అన్నాడు గుమస్తా.

"ఆ పోయింది నేనేనండీ!"

ఫైలు తెరిస్తే ఆధారంగా నా కార్డే ఉంది. ఆ ఆఫీసులో నిజంగా చచ్చింది నేను, సిగ్గుతో.

అన్నగారు సంతకం పెడితేనే పొలం తిరిగొస్తుందట. అటునుంచి అటే పెద్దమావయ్య ఇంటికి వెళ్లాం. ఆయన తమ్ముడి భుజాలూ చేతులూ తడిమి చూశాడు. తర్వాత కోపం వచ్చింది.

"పదిరోజులు ముద్ద దిగలేదురా నాకు! పొలం తీసుకో, నాకెందుకు? ఆ ఏడుపు ఎవడిస్తాడు వెనక్కి?"

"తప్పయిపోయింది అన్నయ్యా," అన్నాడు మావయ్య.

పెద్దమావయ్య నావైపు తిరిగాడు. "చావు కార్డు పోస్టులో పంపావుగా, బతుకు కార్డూ పోస్టులోనే రావాలి. అది చదివాకే సంతకం."

ఆ ఊరి పోస్టాఫీసులోనే రాసి పడేశాను: "మావయ్య క్షేమం. తప్పు నాది."

కార్డు వచ్చేదాకా మమ్మల్ని కదలనివ్వలేదు. మర్నాడు పోస్టుమాను ఇస్తే అరుగుమీద నిలబడి పైకి చదివాడు. "క్షేమం" దాకా వచ్చి, మళ్లీ మొదటినుంచి చదివాడు. పక్కనే తమ్ముడు కాఫీ తాగుతున్నాడు. అయినా సంతకం పెట్టేలోపు పెద్దమావయ్య కళ్లజోడు రెండుసార్లు తుడుచుకోవాల్సి వచ్చింది.