అప్ప కడుపులో పెరిగింది బిడ్డ కాదు

మొన్న టీవీలో, ఎక్కడో డాక్టర్లు ఒక మనిషి కడుపులోంచి పెద్ద కణితి తీశారని చూపిస్తుంటే, మా ఇంట్లోవాళ్ళు ఇలాంటివి కూడా ఉంటాయా అని నోళ్ళు వెళ్ళబెట్టారు. నేను లేచి వసారాలోకి వచ్చేశాను. ఉంటాయి. అరవైల చివర్లోనే మా అప్పకి, అదే మా అక్కకి, వచ్చింది.

అప్పని వజ్రపుకొత్తూరు దగ్గర కొబ్బరితోటల ఊరికి ఇచ్చారు. పిల్లల్లేక అత్తగారి చేత ఏళ్ళ తరబడి పడరాని మాటలు పడ్డ మనిషికి ఉన్నట్టుండి పొట్ట పెరగసాగింది. ఇక ఎవరూ వేరే ఆలోచన చేయలేదు. నెలసరి ఆగలేదని అప్ప మొత్తుకున్నా, కొందరికి అలాగే ఉంటుందని కొట్టిపారేసి, చలిమిడి పెట్టి, గాజులు తొడిగారు.

నెలలు నిండాయి, దాటాయి. నూతి దగ్గర ఆడవాళ్ళు, "ఏటే, ఏనుగుని కంతావేటే?" అని వేళాకోళాలు. చూడడానికి వెళితే అప్ప నన్ను పెరట్లోకి పిలిచి, "తమ్ముడా, బిడ్డయితే తన్నాల కదరా. ఇది బరువే గాని కదల్దు" అంది. పలాస తీసుకెళ్తానంటే అత్తగారు గయ్యిమంది. "గాజులు తొడిగిన మనిసి పురుడు కాకుండా ఏరు దాటకూడదు. బడికెల్లనోడివి, నీకేటి తెలుసు?" బావ కొబ్బరితోట వైపు వెళ్ళిపోయాడు. బడికి వెళ్ళనివాణ్ణే, కనబడ్డ కాగితమల్లా కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి; అయినా అప్ప చెప్పిన మాట అర్థం కావడానికి చదువెందుకు?

చివరికి తిన్నది ఇమడక, పడుకుంటే ఊపిరాడక అప్ప కళ్ళు తేలేస్తుంటే వదిలారు. పలాసలో రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్ళాను. గర్భసంచికీ దీనికీ సంబంధమే లేదన్నాడు అక్కడి డాక్టరు. వెన్ను దగ్గరి కొవ్వులో పుట్టి, పేగుల్ని పక్కకి తోసేసి పెరిగిన కణితి అట. కోసి తీస్తే పనసపండంత ఉంది, పచ్చగా. దాన్ని అంటుకుపోయిన మూత్రపిండాన్ని కూడా తీసేయాల్సి వచ్చింది. ఇది మళ్ళీ మొలిచే జాతి, అప్పుడప్పుడు తెచ్చి చూపిస్తే చిన్నగా ఉండగానే తీసేస్తాను అని మరీ మరీ చెప్పాడాయన.

ఇంటికి తెచ్చాక అత్తగారు పురుడు పాటించింది. కణితికి పురుడండీ! బాలింతకి పెట్టే కాయం ముద్ద తినిపించి, మంచం వేరుచేసి, పురిటి స్నానం చేయించి, చచ్చిన బిడ్డని కన్నదని ఊరంతా చెప్పింది. గాజులు తొడిగించిన ఇంటికి కణితంటే నామోషీ కదా. మళ్ళీ డాక్టరుకి చూపిద్దామని నేను వెళ్ళినప్పుడల్లా ఒకటే మాట: "పురుడైపోయిన మనిసికి ఆస్పత్రేటి?" బావ వేరే పెళ్ళి చేసుకున్నాడు. పొట్ట మళ్ళీ ఎత్తుకుంటుంటే, ఇంకోసారి నలుగురిలో నవ్వులాట కాకూడదని అప్ప చీర వదులుగా కట్టుకుని దాచుకుంది. నాకు తెలిసి విశాఖపట్నం తీసుకెళ్ళేసరికి ఆ డాక్టరే కత్తి పట్టలేనన్నాడు.

ఇప్పుడు టెక్కలిలో, పలాసలో స్కానింగు మిషన్లున్నాయి, ఇంటిముందు ఆటో ఎక్కితే చాలు. అప్పుడే ఇవన్నీ ఉంటే అప్ప బతికేదంటారు మా వాళ్ళు. మిషను దాకా పోనివ్వాలి గదా అంటాను నేను. నిన్న మా వీధిలో ఒక కొత్తకోడలు కడుపులో నొప్పని ఆస్పత్రికి బయల్దేరితే, గుమ్మం దాటకముందే అమ్మలక్కలు మూగి "ఇసేసమేటే?" అని ఒకటే నవ్వులు. ఆ పిల్ల మొహం ఒక్కరూ చూడలేదు.